పెత్రమాస నాడు వచ్చే ఫోను

శ్రోతలకు నమస్కారం.

భాద్రపద బహుళ అమావాస్యను మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో పెత్రమాస అంటాం. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. పళ్లెంలో బియ్యం, పప్పు, చింతపండు, బెల్లం, కూరగాయలు, పైన దక్షిణ పెట్టుకొని గుడి ముందర వరుసలో నిలబడితే, అయ్యగారు గోత్రం అడిగి, వెంటనే తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పమంటారు. తాత దాకా ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. ముత్తాత దగ్గరకు వచ్చేసరికి చాలామందికి నోట మాట రాదు. అప్పుడు పళ్లెం పక్కవాళ్ల చేతికిచ్చి, కొంచెం ఎడంగా జరిగి, ఊళ్లో ఉన్న మేనత్తకు ఫోను చేస్తారు. "అత్తమ్మా, తాత వాళ్ల బాపు పేరేంది?" అని అడుగుతారు. ఆమె పేరు చెప్పి, "పిల్లలు మంచిగున్నరా బిడ్డా" అనేలోపే, "అయ్యగారు పిలుస్తున్నడు, మళ్ల చేస్త" అని పెట్టేస్తారు. ఆ "మళ్ల" తిరిగి పెత్రమాసకు గాని రాదు.

పెద్దలకు బియ్యం ఇవ్వడాన్ని నేను తప్పు పట్టడం లేదు. పోయినవారిని ఏడాదికొకసారైనా పేరు పెట్టి తలచుకోవడం మంచి ఆచారమే. పైగా మన పెద్దలు ఆ రోజును దుఃఖానికి మాత్రమే వదిలిపెట్టలేదు. పొద్దున పోయినవారికి బియ్యం ఇచ్చిన ఇంట్లోనే సాయంత్రం తంగేడు, గునుగు పూలతో ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు. బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ ఆ అమావాస్య నాడే మొదలవుతుంది. పోయినవారి కోసం ఒక పూట, ఉన్నవారితో కలిసి ఆడిపాడడానికి తొమ్మిది రోజులు అన్న లెక్క నాకు ఎంతో సమంజసంగా కనిపిస్తుంది. మనం ఆ లెక్కను తలకిందులు చేసుకున్నాం. దినకర్మలకు ఊరంతటినీ పిలిచి భోజనాలు పెట్టి, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించడానికి వెనుకాడని మనం, అదే మనిషి బతికుండగా పక్కన కూర్చొని ఒక పూట అన్నం తినడానికి తీరిక లేదంటాం.

వాయిదా వేయడంలో ఉన్న చిక్కు ఏమిటో గోదావరి పుష్కరాలు స్పష్టంగా చూపిస్తాయి. 2015లో పుష్కరాలు వచ్చినప్పుడు బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం దారులన్నీ జనంతో నిండిపోయాయి. "ఈ రద్దీలో నువ్వేం నడుస్తవు అవ్వా, వచ్చేసారి పోదాం" అని ఎన్ని ఇళ్లలో అనుకున్నారో ఊహించడం కష్టం కాదు. గోదావరికి ఆ వచ్చేసారి 2027. 2015లో డెబ్బై ఏళ్లున్న తల్లికి 2027 నాటికి ఎనభై రెండు. ఆ మాట అన్నవారికి దురుద్దేశం ఏమీ లేదు, ఆమె మీద ప్రేమతోనే అన్నారు. కాకపోతే పన్నెండేళ్లు నలభై ఏళ్ల కొడుకుకు ఒక తీరుగా, డెబ్బై ఏళ్ల తల్లికి ఇంకొక తీరుగా గడుస్తాయని వారికి తట్టలేదు. అసలు పుష్కరాలు లేనప్పుడు కూడా కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలుస్తూనే ఉంటుంది. వరంగల్ నుంచి పొద్దున బయలుదేరితే, సంగమం చూపించి, ముక్తీశ్వరుడి దర్శనం చేయించి, రాత్రికి ఇంటికి తీసుకురావచ్చు.

తీరిక లేకపోవడం ఒక సంగతైతే, పంతం ఇంకొక సంగతి. దీని గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే మన పల్లెల్లో తీరిక లేకపోవడం కన్నా పంతమే ఎక్కువ కాలాన్ని మింగుతున్నదని నా అభిప్రాయం. అన్నదమ్ములు విడిపోవడానికి పెద్ద ఆస్తులు అక్కరలేదు, జానెడు గెట్టు చాలు. తమ్ముడు ట్రాక్టరును గెట్టు మీదికి ఎక్కించాడని అన్న అంటాడు, అసలు గెట్టే ఇటు జరిగిందని తమ్ముడు అంటాడు. పెద్దమనుషులు కూర్చుంటారు, సర్వేయర్ వచ్చి కొలుస్తాడు, హద్దురాళ్లు పాతుతారు. భూమి తగాదా తెగుతుంది గాని మాటలు మాత్రం బంద్ అవుతాయి. ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు పోరు. సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డ, ముందు ఏ అన్న గడప తొక్కాలో తెలియక బస్సు దిగిన చోటే తండ్లాడుతుంది. ఇన్నేళ్ల పంతం ఒక్క చావుతో కరిగిపోతుంది. పాడె లేచే వేళకు అన్న కొడుకుల కంటే ముందు తమ్ముడే వచ్చి భుజం పడతాడు, అందరికంటే గట్టిగా అతడే ఏడుస్తాడు. ఆ ఏడుపు నిజమైనదే, నేను దాన్ని శంకించను. అయితే అన్న నిన్నటి దాకా నాలుగిళ్ల అవతలే ఉన్నాడు. గెట్టు మీద ఎవరిది న్యాయమో తేలకపోయినా చాయ తాగవచ్చు. రెండింటికీ ముడిపెట్టడం వల్లనే ఇంత నష్టం జరుగుతున్నది.

ఇక దూరం తప్పనివారు ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయినవారికి, అప్పు తీరే దాకా ఇంటికి రమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు. సెలవు మీద వచ్చిన తండ్రిని చూసి పసిబిడ్డ కొత్త మనిషనుకొని నాయనమ్మ కొంగు వెనుక దాక్కోవడం ఆ ఊళ్లలో తెలిసిన సంగతే. అలాంటి ఇళ్లలో రోజూ వచ్చే వీడియో కాలే కుటుంబం. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఆ కాల్ కోసం ఎదురుచూసే ఇంట్లో ఒక్క రాత్రి ఉండి చూడాలి.

అయితే పక్క పట్నంలోనే ఉండి కూడా ఫోనుతోనే సరిపెట్టుకునేవారికి ఒక విషయం చెప్పాలి. వయసుతో పాటు వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది హెచ్చు శ్రుతిలో ఉండే సన్నని ధ్వనులను వినే శక్తి. అందుకే పసిపిల్లల సన్నని గొంతులు, స, శ వంటి అక్షరాలు పెద్దవారికి మొదట దూరమవుతాయి. మనవరాలు ఫోనులో గడగడా ఏదో చెబుతుంటే అవతల నుంచి "సరే బిడ్డా, సరే" అని మాత్రమే వినిపిస్తుందంటే, అవ్వకు ఆసక్తి లేదని కాదు, మాట అందలేదని అర్థం. ఎదురుగా కూర్చొని, మన ముఖం మీద వెలుతురు పడేలా చూసుకొని, అరవకుండా నిదానంగా మాట్లాడితే పెదవుల కదలికను బట్టి సగం మాట వారే పట్టుకుంటారు. చెవుల డాక్టరుకు చూపిస్తే మరీ మంచిది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మన దేశంలో 2007లో వచ్చింది. చూడని పిల్లల మీద ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేసి భరణం పొందవచ్చు. బాగా చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. అవసరం పడ్డవారు మొహమాటపడకుండా వాడుకోవాల్సిన చట్టం ఇది. కానీ ఏ అధికారి అయినా డబ్బు ఇమ్మని ఉత్తర్వు ఇవ్వగలడు గాని, సాయంత్రం పూట వచ్చి గద్దె మీద కూర్చొని ముచ్చట పెట్టమని ఇవ్వలేడు.

చివరగా, ఈ మాటలు వింటున్న పెద్దవారికి ఒక మనవి. వాయిదా వేసే అలవాటు పిల్లలకు మీ దగ్గర నుంచే వచ్చింది. బిడ్డ పెళ్లి కానీ, ఇల్లు లేవనీ, రిటైరు కానీ అంటూ సరదాలన్నిటినీ మీరు వెనక్కి నెట్టారు. కొడుకు మొదటి జీతంతో కొన్న పోచంపల్లి చీర బీరువాలో మడత నలగకుండా ఉన్నది. ఎందుకు కట్టుకోలేదంటే, మంచి సందర్భం రాలేదంటారు. పిల్లలు వచ్చి ఏం కావాలని అడిగితే, "నాకేం కావాలె బిడ్డా, మీరు మంచిగుంటే సాలు" అంటారు. ఆ జవాబు విని పిల్లలు నిజంగానే ఏమీ అక్కరలేదనుకొని వెళ్లిపోతారు. ఈసారి అలా అనకండి. ధర్మపురి నరసింహస్వామిని చూడాలని ఉంటే ధర్మపురి అని చెప్పండి, చిన్ననాటి నేస్తురాలి ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేయాలని ఉంటే ఆ ఊరి పేరే చెప్పండి. వాళ్లు క్యాలెండరు వైపు చూడడం మొదలుపెడితే, ఫలానా ఆదివారం అని తారీఖు కూడా మీరే పెట్టండి.

సెలవు, నమస్కారం.