పిల్లికి పీయూ సర్జరీ అయింది: ఇంటికి తెచ్చుకున్నాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అందరికీ నమస్కారం. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిన మగ పిల్లికి పెరీనియల్ యూరెథ్రాస్టమీ అనే శస్త్రచికిత్స చేయించి, దాన్ని బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నవారి కోసం ఈ వీడియో. ఆసుపత్రుల్లో దీన్ని పొట్టిగా పీయూ సర్జరీ అంటారు కనుక నేనూ అలాగే అంటాను. బిల్లు కట్టి ఇంటికి రాగానే గండం గడిచిందనే ధీమా చాలామందిలో కనిపిస్తుంది. గండం గడిచిన మాట నిజమే గానీ, జబ్బు పోయిందనుకోవడం మాత్రం పొరపాటు.

ఎందుకు పొరపాటో తెలియాలంటే ఈ శస్త్రచికిత్సలో ఏం చేస్తారో ముందు తెలియాలి. మగ పిల్లిలో మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే నాళం పొడవుగా ఉండి, చివరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. మూత్రంలోని స్ఫటికాలూ, మూత్రాశయపు గోడల నుంచి ఊడిన జిగురూ కలిసి ఆ సన్నని చోట బిరడాలా బిగుసుకుంటాయి. కొన్ని పిల్లుల్లో చిన్న రాయి అడ్డుపడుతుంది, మరికొన్నింటిలో వాపు వల్లా, కండరం పట్టేయడం వల్లా దారి మూసుకుపోతుంది. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, చికిత్స అందకపోతే రెండు మూడు రోజుల్లోనే పిల్లి చనిపోతుంది. గొట్టం వేసి తీసినా మళ్ళీ మళ్ళీ ఇదే పరిస్థితి వచ్చే పిల్లికి, ఆ సన్నని చివరి భాగాన్ని తీసేసి, పైనున్న వెడల్పైన భాగాన్ని చర్మానికి కుట్టి కొత్త ద్వారం ఏర్పరుస్తారు. దారి వెడల్పయింది, అంతే. స్ఫటికాలు తయారయ్యే మూత్రం అలాగే ఉంది, వాచే మూత్రాశయం అలాగే ఉంది, దాన్ని రెచ్చగొట్టే ఇంటి పరిస్థితులూ అలాగే ఉన్నాయి.

ఇక ఇంటికి వచ్చిన మొదటి రోజుల సంగతి. మూత్రంలో ఎర్రదనం కొన్ని రోజులపాటు కనిపించడం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పోయడం, పడుకున్న చోట ఒకటి రెండు చుక్కలు కారడం సాధారణంగా జరిగేవే. అడ్డు తొలగిన వెంటనే కొన్ని పిల్లుల మూత్రపిండాలు ఒక్కసారిగా విపరీతంగా మూత్రాన్ని వదులుతాయి. అందుకే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ ఉంచుకుంటారు, అందుకే డాక్టరు ఇంకో రోజు ఉంచమంటే బతిమాలి తెచ్చుకోకూడదు. ఎర్రదనం రోజురోజుకూ పలచబడుతూ రావాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ గడ్డలు గడ్డలుగా పడితే ఫోను చేయాలి.

ఈ రెండు వారాల్లో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు మెడకు కట్టిన గరాటు కాలర్. పిల్లి నాలుక మీద ముళ్ళలాంటి నిర్మాణాలుంటాయి. అది గాయాన్ని నాలుగుసార్లు గట్టిగా నాకితే చాలు, కుట్లు వదులై, చర్మానికి అతికించిన లోపలి పొర విడిపోతుంది; ఆ చోట మానుతూ మానుతూ మచ్చ కండ పెరిగి, ఎంతో కష్టపడి వెడల్పు చేసిన ద్వారం మళ్ళీ ఇరుకవుతుంది. అప్పుడు చేయాల్సిన రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. కాబట్టి 10 నుంచి 14 రోజులు, డాక్టరు చూసి తీసేయమనేదాకా, రాత్రీ పగలూ కాలర్ ఉండాల్సిందే. అన్నం తినేటప్పుడైనా తీద్దామని మనవాళ్ళకు జాలి వేస్తుంది. ఆ జాలికి చోటివ్వకండి. తినడం పూర్తవగానే పిల్లి చేసే మొదటి పని మూతి తుడుచుకోవడం, రెండోది వెనక కాలు పైకెత్తి తోక కిందికి వంగడం. మీరు గిన్నె కడిగి వచ్చేలోపు అంతా అయిపోతుంది. దానికి బదులు, కాలర్ అంచు కంటే చిన్నగా ఉండే పళ్ళేన్ని ఒక ఇటుక మీదో, బోర్లించిన డబ్బా మీదో పెట్టండి. కాలర్ పళ్ళేన్ని చుట్టుకుని దిగుతుంది, పిల్లి హాయిగా తింటుంది. కాలర్ అంచు ముక్కు కంటే కొంచెం ముందుకు ఉందో లేదో కూడా చూసుకోండి. పొట్టి కాలర్ ఉన్నా లేనట్టే.

పిల్లి మలమూత్రాలకు పెట్టే ట్రేలో గడ్డకట్టే మట్టి లిట్టర్ (ట్రేలో పరిచే పొడి) వాడేవారు ఈ రెండు వారాలూ దాన్ని పక్కన పెట్టాలి. తడి తగలగానే ముద్దకట్టే ఆ పొడి గాయానికి అంటుకుని గట్టిపడుతుంది. ఇసుక కూడా వద్దు. పాత దినపత్రికను వేలెడు వెడల్పు ముక్కలుగా చింపి పరిస్తే సరిపోతుంది, తడిసినప్పుడల్లా మార్చేయవచ్చు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది: ఎంత పోసిందో, ఏ రంగులో పోసిందో కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కిలో బరువుకు గంటకు సుమారు 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం తయారు చేస్తుంది. అంటే 4 కిలోల పిల్లి రోజంతటికీ పోసేది దాదాపు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసెడు నీళ్ళు కాగితం మీద పోసి చూస్తే ఎంత మేర తడవాలో మీకే అంచనా దొరుకుతుంది.

గాయాన్ని శుభ్రం చేయాలనే తొందర వద్దు. ద్వారం చుట్టూ ఎండిన రక్తపు పెచ్చు కనిపిస్తే గోటితో గీకకండి, పత్తితో రుద్దకండి. పెచ్చుతో పాటు లోపలి పొర కూడా ఊడివస్తుంది. తొడల మీద బొచ్చుకు మూత్రం అంటుకుంటే గోరువెచ్చని నీళ్ళలో తడిపిన మెత్తని గుడ్డతో అద్ది, పొడిగా ఒత్తితే చాలు. మన ఇళ్ళలో గాయం అనగానే చెయ్యి పసుపు డబ్బా మీదికి పోతుంది, లేకపోతే డెటాల్ సీసా మీదికి. పసుపు కుట్ల మధ్య చేరి ముద్దగా మారుతుంది. డెటాల్ లాంటి ఫినాలిక్ ద్రావణాలు పిల్లి ఒంటికి విషం. డాక్టరు రాసిన లేపనం తప్ప మరేదీ అక్కడ పెట్టకూడదు.

నొప్పికి మందు విషయంలో ఇంకా కఠినంగా చెప్పాలి. పారాసెటమాల్ పిల్లిని చంపుతుంది. దాన్ని విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు, చిన్న ముక్క కూడా ప్రమాదమే. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను పూర్తిగా పాడు చేస్తాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పోయి కుప్పకూలాయని తేలాక, 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. అయినా మన ఇళ్ళలోని మందుల డబ్బాలో అది ఉంటూనే ఉంది. నొప్పిగా ఉందనిపిస్తే డాక్టరును అడగండి. పిల్లులకు పనికొచ్చే మందులు ఉన్నాయి, అవి బరువును బట్టి, రక్తపరీక్షను బట్టి ఇస్తారు.

మూత్రం మంట అనగానే మనుషులకు పనిచేసే చిట్కాలన్నీ పిల్లికి పనికిరావు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ. మూత్రం ఆగిన పిల్లి ప్రాణానికి ముప్పు తెచ్చేదే పొటాషియం. పల్లేరుకాయల కషాయం, బార్లీ నీళ్ళు సిరంజితో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఉంది. ఇక ఆముదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ట్రేలో కూర్చుని ముక్కుతున్న పిల్లిని చూసి మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించి, ఒక పూట ఎదురుచూసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ పూటే పిల్లికి మిగిలిన వ్యవధి కావచ్చు. ఆపరేషన్ అయిన పిల్లి అయినా సరే, పదేపదే ట్రేలోకి వెళ్ళి ఏమీ పోయకుండా తిరిగివస్తున్నా, అరుస్తున్నా, వాంతి చేసుకుని మూలన ముడుచుకుని కూర్చున్నా, అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. ఉబ్బిందేమో చూద్దామని పొట్ట నొక్కకండి. నిండిన మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది. తిండి పూర్తిగా మానేసి రెండో రోజు వచ్చినా ఆగకూడదు, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి అయితే. ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి అదొక కొత్త జబ్బవుతుంది.

కుట్లు తీశాక మొదలయ్యేది నీళ్ళ సంగతి, నా ఉద్దేశంలో ఈ విషయమంతటికీ మూలం అదే. పెంపుడు పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల అడవి పిల్లులు. వేటాడిన ఎలుకలోని తేమతోనే బతకడం వాటికి అలవాటు. దాహం తక్కువ, మూత్రం చిక్కన. అలాంటి జంతువుకు పదో వంతు మాత్రమే తేమ ఉండే గుళికల తిండి మూడు పూటలా పెట్టి, పక్కన ఒక గిన్నె నీళ్ళుంచితే సరిపడా తాగదు. ప్యాకెట్లలో దొరికే తడి ఆహారంలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది. దాని ఖర్చు భరించలేనివారు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్ళనో, చేప నీళ్ళనో తిండిలో కలపవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను విరిచేస్తాయి కనుక కూరలో నుంచి తీసిన ముక్క పనికిరాదు. పాలు నీళ్ళకు బదులు కావు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలతో ఉన్న నీరూ పోతుంది. నీళ్ళ గిన్నెలు ట్రేకు దూరంగా రెండు మూడు చోట్ల ఉంచాలి. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఏప్రిల్, మే నెలల్లో ఇది రెట్టింపు శ్రద్ధతో చేయాలి.

స్ఫటికాలు ఏ రకమో కూడా డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. స్ట్రువైట్ అయితే ప్రత్యేక ఆహారంతో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ కరగదు. రెండింటికీ ఒకే సంచి తిండి అనుకుని, పక్కింటి పిల్లికి పనిచేసిందని కొనడం డబ్బు దండగ.

రాయి గానీ, క్రిములు గానీ ఏవీ దొరక్కుండానే మూత్రాశయం వాచే పిల్లులు చాలా ఉన్నాయి. అమెరికాలోని ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో పశువైద్యుడు టోనీ బఫింగ్టన్ బృందం ఇలాంటి పిల్లుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, ఇంటి వాతావరణాన్ని మార్చడం కూడా చికిత్సలో భాగమని 2006లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది. దాక్కునే చోటు, ఎత్తున కూర్చునే చోటు, రోజూ ఒకే వేళకు తిండి, పిల్లుల సంఖ్య కంటే ఒక ట్రే ఎక్కువ. మన దగ్గర దీనికి ఇంకొన్ని కలపాలి: సున్నాలు వేయించే రోజులు, పెళ్ళికి దిగిన చుట్టాలు, దీపావళి మోతలు. ఆ రోజుల్లో ఒక గది తలుపు వేసి, ట్రే, నీళ్ళు, అలవాటైన పాత దుప్పటి అందులోనే పెట్టండి.

చివరగా పరీక్షల మాట. వెడల్పైన ద్వారం గుండా క్రిములు సులువుగా లోపలికి చేరతాయి, అందుకే పీయూ అయిన పిల్లుల్లో మూత్ర ఇన్ఫెక్షన్లు ఎక్కువ. కొన్నిసార్లు ఏ లక్షణమూ బయటపడదు. మొదటి సంవత్సరంలో కొన్ని నెలలకోసారి మూత్రపరీక్ష, అనుమానం ఉంటే కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష, చేయించండి. కల్చర్ లేకుండా మిగిలిపోయిన యాంటీబయాటిక్ మళ్ళీ వేయకండి. ద్వారం చుట్టూ బొచ్చు పెరిగి లోపలికి ముడుచుకుంటే కత్తిరించమని అడగండి. ధార సన్నబడిందనిపిస్తే ఫోనుతో వీడియో తీసి తీసుకువెళ్ళండి, మాటల్లో వర్ణించడం కంటే అది డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. దగ్గరలో ఈ కుట్లు చూసే అనుభవం ఉన్నవారు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, పాత రక్తపరీక్షలు, స్ఫటికాల రిపోర్టు వెంట ఉంచుకోండి.