గ్యాస్ మాత్రకు అవతల

అందరికీ నమస్కారం. వాకింగ్ నుంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. వెనక ఉగ్గాని, బజ్జీ సిద్ధంగా ఉన్నాయని వాసన చెబుతూనే ఉంది. అందుకని ఎక్కువసేపు పట్టుకోను.

నేను డాక్టర్ని కాదు. ఇదే అనంతపురంలో 28 ఏళ్లుగా మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. నన్ను ఎక్కువమంది అడిగిన మందు బీపీదో షుగర్‌దో అనుకుంటారేమో. కాదు. "అన్నా, గ్యాస్ మాత్ర ఒకటి ఇయ్యి." తల తిరిగినా గ్యాసే, నిద్ర పట్టకపోయినా గ్యాసే, కోడలితో మాట పట్టింపు వచ్చినా గ్యాసే.

ఒక రైతు సంగతి చెప్తాను. వారానికోసారి పల్లె నుంచి వచ్చి పది మాత్రల షీటు తీసుకుపోయేవాడు. ఆరు నెలలు అట్లే ఇచ్చినాను. ఒకరోజు కరెంటు పోయింది. కంప్యూటర్ లేదు, బిల్లు కొట్టేది లేదు, షాపులో ఇద్దరమే. ఊరికే అడిగినా.

"పొద్దున ఏం తింటావన్నా?"

"ఏం తింటాం సామీ, టీ తాగుతా."

"ఆ తర్వాత?"

"ఇంకో టీ."

మధ్యాహ్నం మూడింటికి ఇంత సంగటి ముద్ద. రాత్రి నిద్ర ఎట్లుందంటే నవ్వినాడు. "యాడ నిద్ర సామీ, బోరు ఎండిపాయె." మూడు బోర్లు వేయించినాడు, మూడూ పోయినాయి. రెండు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు. రాత్రి రెండింటికి ఆయన్ని లేపి కూర్చోబెట్టేది ఆ లెక్క. నేను ఆరు నెలలుగా దానికి కడుపు మాత్ర ఇస్తా ఉన్నా!

"ఇంట్లో ఆమెకు తెలుసా?" అన్నా. తెలియదన్నాడు. ఆ రోజు షీటు ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి పంపినా. నెల తర్వాత భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చినారు. ఆమె కమ్మలు, గొలుసు బ్యాంకులో పెట్టి ఆ వడ్డీ అప్పు సగం తీర్చినారట. బ్యాంకు వడ్డీ తక్కువ కదా. మిగతా సగం అట్లే ఉంది. కానీ "ఇప్పుడు నాలుగైదు గంటలు పండుకుంటున్నాడు" అని ఆమె చెప్పింది. ఆయన మటుకు ఏమీ అనలేదు, గాజు బీరువాలోకి చూస్తా నిలబడినాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో మొదలైనప్పటి నుంచే దాని రాజ్యాంగంలో ఒక మాట ఉంది. జబ్బు లేనంత మాత్రాన ఆరోగ్యం కాదు, ఒళ్లు, మనసు, నలుగురితో బతుకు మూడూ బాగుండాలని. నేను జేబును కూడా కలుపుతాను. మా కౌంటర్ దగ్గర ఎక్కువ కనబడేది అదే.

తిండి గురించి మీకు నేను చెప్పేదేముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. రాగి, కొర్ర, జొన్న ఈ నేలకు తట్టుకున్న పంటలు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. ఇప్పుడేమో రాగి సంగటి హోటల్లో నాటుకోడి పక్కన చేరి ఖరీదైపోయింది, మనం ఇంట్లో తెల్లన్నం తిని కాల్షియం మాత్ర కొనుక్కుంటున్నాం. నా వ్యాపారానికి మంచిదే అనుకోండి. ఉప్పు మాత్రం రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ఊరగాయ, ఊరమిరపకాయలతోనే మన స్పూను నిండిపోతుంది.

ఇక మా ఇంటి సంగతి. బీపీ మాత్రలు అమ్ముకునేవాణ్ణి కదా, మా ఆవిడకు బీపీ ఉందని ఎప్పుడు తెలిసిందో తెలుసా? మా అమ్మాయి శ్రీమంతం రోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయినప్పుడు. 170/110. నా మాత్ర వేళ ఆమెకు తెలుసు, మా అమ్మ మాత్ర రంగు తెలుసు. తనది తను ఎన్నడూ చూపించుకోలేదు, నేనూ అడగలేదు. షాపుకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇంతే. మగాయన చీటీ తెచ్చి ఆయన మందులన్నీ కొంటారు, "నీకేమ్మా?" అంటే "నాకేం, బాగనే ఉండా" అంటారు. ఆ మాట నాకిప్పుడు నమ్మబుద్ధి కాదు.

మోకాళ్ల నొప్పికి నెలల తరబడి నొప్పి మాత్ర మింగేవాళ్లు కూడా ఇక్కడున్నారు, మొహాలు నాకు తెలుసు. కిడ్నీలు పాడవుతాయి, డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే గ్యాస్ అనుకొని నా దగ్గరికి రావద్దు, 108కి ఫోన్ చేయండి.

మనసులో టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేకపోతే 14416 నంబరు ఉంది. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా షాపు అద్దం మీద రాసి అంటించినా. పెద్దవాళ్లు చదివి పక్కకు చూస్తారు, కాలేజీ పిల్లలు మాత్రం ఫోన్‌లో ఫోటో తీసుకుని పోతారు.

ఆ మూల టేబుల్ మీద బీపీ మిషన్ పెట్టినాం. టీ తాగి వచ్చినవాళ్లు అరగంట ఆగండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి కూర్చోవాలి. చెయ్యికి పట్టీ కట్టినప్పుడు మాట్లాడితే అంకె పెరుగుతుంది, కబుర్లు తర్వాత చెప్పుకుందాం. ముందు ఆడవాళ్లు రండి. మగవాళ్లు ఉగ్గాని వడ్డించండి.