చేతి అప్లిక్ బొంత: అంచు సూదితో మడవాలా, కాగితంతోనా?

నమస్కారం అండీ. అప్లిక్ అంటే ఆకారంగా కత్తిరించిన బట్ట ముక్కని ఇంకో బట్ట మీద పెట్టి కుట్టడం. ఈ వీడియోలో ఆ ముక్కల అంచు మడిచే రెండు పద్ధతులు పక్కపక్కన చూద్దాం. ఒకటి, ముక్క మీద గీసుకున్న ఆకారం గీత వెంబడి సూది మొనతోనే అంచుని లోపలికి తోసుకుంటూ కుట్టడం. రెండోది, ఫ్రీజర్ పేపర్ (ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉండి, ఇస్త్రీ చేస్తే బట్టకి తాత్కాలికంగా అంటుకునే కాగితం) మీద ముందే మడిచి ఇస్త్రీ చేసుకోవడం.

ఒకే ఆకు యాభై సార్లు వచ్చే డిజైన్ అయితే కాగితమే మేలు. అన్నీ అచ్చు గుద్దినట్టు వస్తాయి. కాకపోతే చివర్లో ఆ కాగితాన్ని బయటికి లాగాలి. సన్న కొమ్మల్లోంచి లాగడం నరకం. వాటికి సూది పద్ధతే.

మడతకి 5 మిల్లీమీటర్లు చాలు. ఎక్కువ వదిలితే వంపుల దగ్గర బట్ట ముద్దకడుతుంది. లోపలి వంపులకి గాట్లు పెట్టండి, గీతకి ఒకటి రెండు పోగుల దూరంలో ఆపండి. బయటి వంపులకి మాత్రం వద్దు. గాటు పడిన ప్రతిచోటా గుండ్రటి అంచు మూలలు తేలుతుంది.

సూది 10 లేదా 11 నంబరు స్ట్రా అనే రకం. పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి అంచుని తోయడం తేలిక. దారం 60 నంబరు కాటన్ కానీ 100 నంబరు సిల్క్ కానీ. సిల్క్ బట్టలో కలిసిపోతుంది, కుట్టు వెతికినా దొరకదు. రంగు పై ముక్కకి కలవాలి, అడుగు బట్టకి కాదు. 18 అంగుళాలు మించి తీసుకుంటే కుట్టేలోపే పీచు లేస్తుంది.

ఇక కుట్టు. ఇది జాగ్రత్తగా చూడండి. మడత అంచులో రెండు పోగులు పట్టి పైకి తీశారు కదా, సరిగ్గా దానికి ఎదురుగానే అడుగు బట్టలోకి దించాలి. కాస్త ముందుకి దించారా, దారం ఏటవాలుగా పడి కనిపిస్తుంది. ముందుకి జరగడమంతా అడుగునే, 2 మిల్లీమీటర్ల చొప్పున.

హృదయం ఆకారంలో పైన లోపలికి దిగే మూల ఉంటుందే, రెండు పద్ధతుల్లోనూ కష్టం అక్కడే. మడవడానికి అక్కడ బట్టే మిగలదు. దగ్గరగా మూడు కుట్లు వేయండి. నేత వదులుగా ఉన్న బట్ట అయితే ఎన్ని కుట్లు వేసినా పోగులు ఊడతాయి, అందుకే బిగువు నేత కాటనే తీసుకోండి. ఎరుపు, నీలం ముందే తడిపి చూడండి, రంగు దిగితే మొత్తం బొంత పాడవుతుంది.

కుట్టేకొద్దీ అడుగు బట్ట గుంజుకుంటుంది. 12 అంగుళాల బ్లాకుకి, అంటే బొంతలో ఒక చదరపు గడికి, 14 కోసి, అప్లిక్ అయ్యాక కొలతకి కత్తిరించండి. తర్వాత అస్తరు, బ్యాటింగ్ (మధ్యలో పెట్టే దూది పొర) కలిపి కచ్చా కుట్టు వేశాక, మొదటి పరుగు కుట్టు ముక్క అంచుని ఆనుకుని అడుగు బట్ట మీదే వేయండి. పువ్వు ఉబ్బి పైకి లేస్తుంది.