వాల్యూమ్ సున్నా, కూత మాత్రం ఆగదు

వ్యాఖ్యాత: నమస్కారం. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర, అన్న రిపేరు షాపులో కూర్చుని మాట్లాడుతున్నాం. ఆటో హారన్లు వినిపిస్తే సర్దుకోండి. అన్నా, ముందు నా బాధ వినండి. పాత కంప్యూటర్‌లో విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ వేసుకున్నాను. ఆదేశాలు టైపు చేసే తెరలో, ఖాళీ లైనులో బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలు, కీమని కూత. మొన్న అర్ధరాత్రి, మిద్దె మీద పడుకున్న నాన్న దిగి వచ్చారు.

మెకానిక్: (నవ్వు) వాల్యూమ్ తగ్గించలేదా?

వ్యాఖ్యాత: సున్నా చేశాను. స్పీకర్ల వైరు కూడా పీకేశాను.

మెకానిక్: పీకినా కూస్తుంది. అది క్యాబినెట్ లోపల మదర్‌బోర్డుకు తగిలించిన చిన్న బజర్. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి ఉన్న గొంతు అదొక్కటే. టైమర్ చిప్పు సెకనుకు దాదాపు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని ఏదో ఒక అంకెతో భాగిస్తే కూత పుడుతుంది. ఉదాహరణకు 1,193తో భాగిస్తే ఇంచుమించు వెయ్యి హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాలు. సౌండ్ కార్డుతో పనే లేదు, ఇక వాల్యూమ్ ఎక్కడిది? కొన్ని ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఆ శబ్దం సౌండ్ చిప్పు మీదుగా వస్తుంది. అక్కడ మిక్సర్‌లో, అంటే శబ్దాల సెట్టింగులలో, 'బీప్' అని వేరే మీట ఉంటుంది, దాన్ని దించాలి.

వ్యాఖ్యాత: నాది డెస్క్‌టాప్. అయితే వైరు కత్తిరించేయనా?

మెకానిక్: ఆగు తమ్ముడూ! అలా కత్తిరించుకున్నవాళ్లు తర్వాత 'తెర నల్లగా ఉంది, ఏమైందో తెలియదు' అంటూ నా దగ్గరికే వస్తారు. ర్యామ్, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీ పట్టీ, వదులైతే తెర మీద అక్షరం కూడా రాదు. ఆ సంగతి చెప్పేది బజరే. ర్యామ్ తీసి, దాని అంచున ఉండే లోహపు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడితే చాలాసార్లు బాగవుతుంది. కానీ తప్పు ర్యామ్‌దని ముందు తెలియాలి కదా.

వ్యాఖ్యాత: మరి నాన్న నిద్ర?

మెకానిక్: లినక్స్‌లో 'పీసీఎస్‌పీకేఆర్' (pcspkr) అనే మాడ్యూల్, అంటే చిన్న ప్రోగ్రామ్ ముక్క, ఆ బజర్‌ను మోగిస్తుంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, 'మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్ పీసీఎస్‌పీకేఆర్' (modprobe -r pcspkr) అని కొట్టు, నోరు మూసుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది కాబట్టి ఆ పేరును బ్లాక్‌లిస్టులో, అంటే ఎక్కించకూడని మాడ్యూళ్ల జాబితాలో, రాసిపెట్టు. కంప్యూటర్ ఆన్ కాగానే భాగాలను పరీక్షించే ప్రోగ్రామ్ బయాస్. దాని కూత లినక్స్ ఎక్కకముందే వస్తుంది, దాని జోలికి ఇది పోదు.

వ్యాఖ్యాత: రాశాను. రీస్టార్ట్ చేస్తున్నా... అయ్యో, మళ్లీ కూసింది!

మెకానిక్: అది బయాస్. ఒక్క చిన్న కూతే కదా, చాలా కంప్యూటర్లలో దానర్థం అంతా బాగున్నట్టు. ఇప్పుడు లాగిన్ అయి బ్యాక్‌స్పేస్ నొక్కు.

వ్యాఖ్యాత: ...ఆటో హారన్ తప్ప ఏమీ వినిపించడం లేదు.