సుక్కా పందిరి: హీబ్రూ స్కూల్లో కుటుంబాలంతా కలిసి వేయడం ఎలా?

[తెర మీద: సినగాగ్ పక్కన పార్కింగ్ స్థలం. కలప, వెదురు, టార్పాలిన్ పట్టా.]

వ్యాఖ్యాత: అమెరికాలో యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌కి అనుబంధంగా నడిచే ఆదివారపు బడిని హీబ్రూ స్కూల్ అనో రిలిజియస్ స్కూల్ అనో పిలుస్తారు. సెప్టెంబరు రాగానే అక్కడ కుటుంబాలకు చేతినిండా పని. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకు ఆపిల్ ముక్కలు తేనెలో ముంచి తింటారు. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె నాకించకండి, బాట్యులిజం ప్రమాదం ఉంది. తర్వాత ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం. అది గడిచిన ఐదో రోజున సుక్కోత్, అంటే పందిళ్ల పండగ. ఈ పండక్కి వేసే పందిరే సుక్కా. న్యూజెర్సీ చుట్టుపక్కల వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని, 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న సుక్కా వేద్దాం.

[తెర మీద: 2026 క్యాలెండర్. నాలుగు ఆదివారాలకు ఎర్ర సున్నాలు.]

ముందు తేదీ తేల్చుకోవాలి. 2026లో సెప్టెంబరు 13 ఆదివారం రోష్ హషానా రెండో రోజు. 20న సాయంత్రమే యోమ్ కిప్పూర్ మొదలు. 27 సుక్కోత్ రెండో రోజు, అక్టోబరు 4 ఈ పండగల వరసలో చివరిదైన సిమ్హత్ తోరా. రెండేసి రోజులు పండగ పాటించే సినగాగ్‌లకు వరసగా నాలుగు ఆదివారాలూ పోయినట్టే. సుక్కోత్ సెప్టెంబరు 25 శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. షబ్బాత్ అనే శనివారపు విశ్రాంతి రోజునా పండగ రోజునా మేకు కొట్టడం, ముడి వేయడం కుదరదు. కాబట్టి 24 గురువారం సాయంత్రం 5 గంటలకు కుటుంబాలను పిలవండి. ఏడు లోపే పొద్దు పోతుంది, ఒక ఫ్లడ్‌లైట్ కూడా సిద్ధంగా ఉంచుకోండి. కలప కోసి బెజ్జాలు వేసే పని ఆగస్టు చివరి ఆదివారమే ముగించాలి. ఆ పై వారం లేబర్ డే సెలవులు, ఊళ్లో ఎవరూ దొరకరు.

[తెర మీద: పందిరి పైకప్పు, సందుల్లోంచి ఆకాశం.]

సుక్కాకు ప్రాణం పైకప్పు. దాన్ని స్ఖాఖ్ అంటారు. నేలలో మొలిచి, కోసి తెచ్చినదై ఉండాలి. తినే వస్తువు కాకూడదు, వాడుకునే సామాను కాకూడదు. అంటే మన తాటాకు చెల్లుతుంది. అదే తాటాకుతో పడుకోవడానికి అల్లిన చాప చెల్లదు. కింద పడే ఎండ కన్నా నీడ ఎక్కువ ఉండాలి, గట్టి వాన వస్తే లోపలికి కారాలి. పైన చెట్టు కొమ్మ గానీ ఇంటి చూరు గానీ అడ్డం ఉండకూడదు. అందుకే పచ్చిక మీద చెట్టు నీడ కన్నా పార్కింగ్ స్థలమే నయం. వాన మబ్బు చూసి పైన టెంటు వేసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఆ టెంటు తీసేదాకా కింద ఉన్నది సుక్కా కాదు.

[తెర మీద: సామాను పట్టిక.]

చట్రానికి టూ బై ఫోర్ కలప 8 అడుగులవి 13, 12 అడుగులవి 3. ఎనిమిది అడుగుల వాటిలో 6 గుంజలకు, 3 పైన అడ్డానికి, 2 నడుము ఎత్తు పట్టీలకు పోతాయి. మిగిలిన రెండింటిని రెండేసి అడుగుల ముక్కలుగా కోస్తే మూలలకు 8 ఏటవాలు దన్నులు వస్తాయి. పన్నెండు అడుగులవి రెండు పైన, ఒకటి వెనకవైపు నడుము పట్టీకి. మేకులు వద్దు. 4 అంగుళాల క్యారేజ్ బోల్టులు, వాషర్లు, వింగ్ నట్లు వాడితే ఏటేటా విప్పి దాచుకోవచ్చు, ఆరేళ్ల పిల్లలు కూడా చేత్తో బిగించగలరు. డ్రిల్లు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే.

చట్రం నిలబెట్టాక నట్లన్నీ వదులుగానే ఉంచి, మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టండి. రెండు కొలతలూ 14 అడుగుల 5 అంగుళాల దగ్గర సమానంగా రావాలి. అప్పుడే బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే చట్రం వంకర తిరుగుతుంది, చివరి బోల్టు బెజ్జంలోకి దిగదు. దాన్ని సుత్తితో కొట్టి దింపితే కలప చీలుతుంది. తారు నేలలో మేకులు దిగవు కాబట్టి ప్రతి గుంజ అడుగునా 5 గ్యాలన్ల నీళ్ల బకెట్ కట్టండి. ఒక్కోటి దాదాపు 19 కిలోలు తూగుతుంది. గాలి ఎక్కువ తగిలే చోటైతే రెండేసి.

[తెర మీద: రెపరెపలాడుతున్న పట్టా గోడ.]

గోడలు మూడు. వెనకవైపు పొడవునా ఒకటి, ఇటూ అటూ రెండు. వీటికి టార్పాలిన్ పట్టా వాడితే గాలికి ఊగుతుంది, ఊగే గోడను హలాఖా, అంటే యూదు ధర్మశాస్త్రం, ఒప్పుకోదు. దీనికి తాడుతో ఉపాయం ఉంది. నేల నుంచి 8, 16, 24, 32, 40 అంగుళాల ఎత్తుల్లో ఐదు వరసలు, ప్రతి గుంజకూ చుట్టి బిగువుగా కట్టాలి. వరసల మధ్య సందు సుమారు 9 అంగుళాలు దాటకపోతే ఆ తాళ్లనే గోడగా లెక్కిస్తారు. పట్టా అప్పుడు చాటుకే. ఐదు వరసలకు కొలత 140 అడుగులు, ముళ్లకూ కలిపి 180 అడుగుల తాడు కొనండి.

గోడలు పూర్తయ్యాకే పైకప్పు. ఈ వరస తప్పకూడదు. వెడల్పుకు అడ్డంగా 10 అడుగుల వెదురు బొంగులు 7, రెండేసి అడుగుల దూరంలో పెట్టి జనపనార పురికొసతో కట్టండి. ఇనప తీగ, ప్లాస్టిక్ ట్యాగులు వద్దు. వాటి మీద మొక్కజొన్న చొప్ప పరచండి, ఆ రోజుల్లో పొలాల్లో దొరుకుతుంది. కంకులు మాత్రం ఒలిచి పక్కన పెట్టాలి, అవి తిండి కదా. పచ్చి ఆకుల కొమ్మలు వేస్తే మూడు రోజులకే ముడుచుకుపోయి నీడ పోతుంది, చొప్ప నిలుస్తుంది.

[తెర మీద: పిల్లలు కాగితపు గొలుసులు కడుతున్నారు.]

అలంకరణలు పైకప్పుకు దగ్గరగా, ఒక అడుగు లోపే వేలాడాలి. నిజం పండ్లు కడితే కందిరీగలు చేరతాయి, పాప్‌కార్న్ దండలకు ఉడతలు. మైనపు రంగులతో గీసి లామినేట్ చేసిన బొమ్మలు వానకు తట్టుకుంటాయి.

చిన్నపిల్లలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి గ్రాహం క్రాకర్లు మూడు గోడలుగా, ప్రెట్జెల్ పుల్లలు కప్పుగా బుల్లి సుక్కా చేయించండి. అంటించడానికి క్రీమ్ చీజ్ కన్నా చక్కెర ఐసింగ్ గట్టిగా పడుతుంది. వేరుశనగ వెన్న మాత్రం బడిలోకి తేవద్దు, అలర్జీలుంటాయి. "ప్రెట్జెల్ తిండే కదా, కప్పుగా చెల్లుతుందా?" అని ఏ పిల్లో అడిగితే పాఠం ఒంటబట్టినట్టే. చెల్లదు!

[తెర మీద: లులావ్ కట్ట, పక్కన ఎత్రోగ్.]

ఇక పండగలో చేతబట్టి ఊపే నాలుగు జాతుల మొక్కలు. ఖర్జూరపు మొవ్వు లులావ్. దాని వెన్ను మీ వైపు తిప్పి పట్టుకుంటే కుడిపక్క మూడు హదస్ (మిర్టిల్) కొమ్మలు, ఎడమపక్క రెండు అరావా (విల్లో) కొమ్మలు ఉండాలి. ఎత్రోగ్ మాదీఫలం జాతిది. దాని కొసన ఉండే బుడిపెను పితోమ్ అంటారు. పిల్లల చేతుల్లో అదే మొదట విరుగుతుంది, విరిగితే పండు పనికిరాదు. అందుకే బడికి పుట్టుకతోనే పితోమ్ లేని ఎత్రోగ్ అడిగి తెప్పించండి. అరావా అన్నిటికన్నా ముందు వాడిపోతుంది. తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, నీళ్లలో ముంచితే కుళ్లుతుంది. 2026లో మొదటి రోజు షబ్బాత్ కాబట్టి, షబ్బాత్ నాడు లులావ్ ఊపకూడదనే నియమం పాటించే చోట ఆ రోజు ఊపరు. పిల్లలకు ముందే చెప్పకపోతే ఉసూరుమంటారు.

సుక్కాలోకి అతిథులను పిలవడం ఆనవాయితీ. పిలుపు అందుకున్న తెలుగువాళ్లు ఇంట్లో చేసిన పులిహోర పట్టుకెళ్లకుండా, కోషెర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడేది) గుర్తున్న సీలు తీయని ప్యాకెట్ తీసుకెళ్తే అందరూ తింటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారని అక్కడ చెప్పి చూడండి, కబుర్లు చాలాసేపు సాగుతాయి.

గిన్నెలో కూడు పాడయ్యేంత వాన పడితే ఇంట్లోకి వెళ్లిపోవచ్చని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నాయే చెప్పింది. సిమ్హత్ తోరా మర్నాడు, అక్టోబరు 5న విప్పేయండి. ప్రతి గుంజకూ అంకె రాయండి, బోల్టులు ఒకే డబ్బాలో వేయండి. పట్టా పూర్తిగా ఆరాకే మడవాలి, తడిగా మడిస్తే వచ్చే ఏటికి బూజు పడుతుంది.