గెలాక్సీ కోయ్ ఫైటర్ రివ్యూ: చేప అదుర్స్, పేరుతోనే నా గొడవ

హాయ్ అండీ! ముందే చెప్పేస్తున్నా, ఈ ఫైటర్ చేపని (బెట్టా అంటారే, అదే) ఒక బ్రీడర్, అంటే చేపల్ని పెంచి అమ్మేవాళ్ళు, నాకు ఫ్రీగా పంపారు. ట్యాంకు సైజు, ఫీడు, నీళ్ళ సంగతి మీరు వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు, అవి వదిలేద్దాం. నేను మాట్లాడేది కవరు మీదున్న స్టిక్కర్ గురించి: 'గెలాక్సీ కోయ్ ప్లకాట్'.

ప్లకాట్ అంటే ఓకే, పొట్టి తోక ఫైటర్. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పేరు. హాఫ్‌మూన్ అన్న పేరైతే నాకు ఇంకా ఇష్టం. తోక పూర్తిగా విప్పితే 180 డిగ్రీలు రావాలి, కాస్త తగ్గినా అది సూపర్ డెల్టా అనే వేరే రకమే. ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. ఇండోనేషియా వాళ్ళు తీసిన క్రౌన్‌టెయిల్ కూడా అంతే, రెక్కల పొర వెనక్కి తగ్గి, దాంట్లోని ముళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. ఇంతకుముందు నా దగ్గరున్నది ముసలిదయ్యేదాకా క్రౌన్‌టెయిల్‌గానే ఉంది.

మరి ఈ కోయ్? మచ్చలు జపాన్ వాళ్ళు చెరువుల్లో పెంచే రంగుల చేప కోయ్ కార్ప్‌లా ఉంటాయని ఆ పేరు. మీద మెరిసే పొలుసులుంటే గెలాక్సీ. నాకు మండేది ఇక్కడే! ఈ మచ్చల వెనకున్నది మార్బుల్ జీన్. అది ఉన్నచోట ఉండదు, అందుకే రంగు ఒకచోట పోయి ఇంకోచోట తేలుతుంది. దగ్గరగా చూపిస్తా, ఈ మొప్ప పక్కన చూడండి. బ్రీడర్ పంపిన ఫోటోలో ఇక్కడ తెలుపు, ఇప్పుడు నీలం. రేపు ఒళ్ళంతా నీలమైతే దీన్ని ఏమని పిలవాలి?

అసలు జపాన్‌లో ఆ కోయ్ కార్ప్ పెంచేవాళ్ళు పేర్లు ఎంత శ్రద్ధగా పెట్టారండీ! తెల్లటి ఒంటి మీద ఎరుపుంటే కోహాకు. దానికి నలుపు తోడైతే తైషో సాన్షోకు, 1912లో మొదలైన తైషో చక్రవర్తి కాలం పేరు. తల మీద ఒకే ఎర్ర బొట్టుంటే తాంచో, నడినెత్తిన ఎరుపుండే జపాన్ కొంగ పేరు. పేరు వింటే చాలు, చేప కళ్ళకు కడుతుంది.

చేపకి మాత్రం నా ఓటు పూర్తిగా! వేలు పెట్టగానే మొప్పలు విప్పి ఎలా మీదికొస్తుందో చూడండి. రంగులు మారే ఆ వింత కోసమే కొనుక్కోండి. గెలాక్సీ లాంటి పేరు ముక్కకి మాత్రం ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టకండి. "అన్నా, ఇది మార్బుల్ జీన్ ఉన్న వంశమేనా? తల్లీతండ్రీ ఫోటోలున్నాయా?" అని అడగండి. చూపిస్తే తీసుకోండి.