పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందా? డిస్క్ మార్చే ముందు ఈ ఒక్క లైన్ చూడండి

నమస్కారం అండీ. ఈ పెంటియం 4 కంప్యూటర్ ఒక డీటీపీ షాపుది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల నాటి శుభలేఖల ఫైళ్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి. అందుకే షాపాయన పాత విండోస్ ఎక్స్‌పీని వదలడం లేదు. చూడండి, ఫోల్డర్ కాపీ పెట్టగానే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. వైరస్ అని ఒకరు, డిస్క్ పోయిందని ఇంకొకరు చెప్పారట. ఆయన పాపం ర్యామ్ కూడా పెంచారు.

మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్. అందులో ఐడీఈ, అంటే పాత రకం డిస్క్ కనెక్షన్, కంట్రోలర్స్ కింద ప్రైమరీ ఐడీఈ ఛానెల్ మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్దాం. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట పీఐఓ అని ఉంది. ఇదే దొంగ. అక్కడ అల్ట్రా డీఎంఏ మోడ్ 5 ఉండాలి.

తేడా ఏంటంటే, డీఎంఏలో డేటా నేరుగా మెమరీలోకి వెళ్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోయాలి. మేస్త్రి గోడ కట్టడం మానేసి ఇటుకలు మోస్తుంటే పని ఎలా సాగుతుంది? మోడ్ 5 గరిష్ఠ వేగం సెకనుకి 100 ఎంబీ. పీఐఓలో అత్యధికం 16.6, అదీ కాగితం మీదే.

మరి ఇలా ఎవరు మార్చారు? ఎవరూ కాదు, ఎక్స్‌పీయే. డిస్క్‌తో మాట్లాడేటప్పుడు తప్పులు వస్తే లెక్క పెట్టుకుంటుంది. మొత్తం కలిపి ఆరు కాగానే ఒక మెట్టు దించుతుంది. ఇంకా వస్తుంటే చివరికి పీఐఓకి పడేస్తుంది. పైన "డీఎంఏ ఇఫ్ అవైలబుల్" అని సెలెక్ట్ చేసి ఉన్నా సరే, తనంతట తాను పైకి ఎక్కదు.

ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. లేటయినా సరే. తర్వాత ఇదే ప్రైమరీ ఛానెల్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. టెన్షన్ పడకండి, డేటా ఏమీ పోదు. రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ గుర్తుపడుతుంది. ఇంకోసారి రీస్టార్ట్ అడిగితే అదీ చేయండి.

చూశారా, పీఐఓ పోయి డీఎంఏ వచ్చింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, వారానికే మళ్లీ మొదటికొస్తుంది. ఆ తప్పులు ఎందుకు వచ్చాయో చూడాలి కదా!

పవర్ తీసేసి క్యాబినెట్ తెరుద్దాం. ఈ రిబ్బన్ కేబుల్ చూడండి, వైర్లు లావుగా ఉన్నాయి. ఇది 40 వైర్ల పాత రకం, సెకనుకి 33 ఎంబీ దాటితే పనికిరాదు. దీని పక్కన సన్నటి గీతలున్న 80 వైర్లది పెడుతున్నాను. కనెక్టర్ మాత్రం రెండింటికీ ఒకటే, అందుకే పొరపడతారు. నీలం చివర మదర్‌బోర్డుకి, నలుపు చివర డిస్క్‌కి. మధ్యలో బూడిద రంగుది రెండో డిస్క్‌కి.

ఇక డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సీ7 అనే వరుసలోని అంకె రాసి పెట్టుకోండి. కేబుల్ మీద డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క అది. అది తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు. పెరుగుతుంటే కేబుల్ వైపు, కనెక్టర్ల వైపు మళ్లీ చూడండి. సీ5, అంటే డిస్క్ సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క, పెరుగుతోందంటే మాత్రం డిస్కే పాడవుతోంది. అప్పుడు ఏ మోడ్ పెట్టినా లాభం లేదు, కొత్తది కొనాల్సిందే.